గ్రౌపెల్: నేల చేరేలోగా కరిగిపోయే మంచు గింజ

ఏప్రిల్, మే నెలల్లో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్, దాని పక్కనే ఉన్న సాలువా ప్రాంతాల మీదికి మధ్యాహ్నం దాటాక వాయవ్య దిశ నుంచి నల్లటి మబ్బులు కమ్ముకొస్తుంటాయి. ఈదురుగాలి, ఉరుములు, మెరుపులు, పెద్ద పెద్ద చినుకులు, ఒక్కోసారి వడగళ్ళు. బెంగాలీలు దీనిని కాల్‌బైశాఖీ అంటారు. రైల్వే పనుల కోసం వెళ్లి తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువారికీ ఈ పేరు బాగా పరిచయమే. అయితే ఆ మబ్బు లోపల పిడుగు ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే మరో మాట తెలియాలి. అదే గ్రౌపెల్.

మాట ఎక్కడిది?

గ్రౌపెల్ జర్మన్ పదం. పొట్టు తీసిన బార్లీ గింజను ఆ భాషలో గ్రౌపె అంటారు. గ్రౌపెల్ అంటే చిన్న గింజ అని అర్థం. రూపాన్ని బట్టి వచ్చిన పేరన్నమాట. మన వంటింటి నుంచి పోలిక చెప్పాలంటే సగ్గుబియ్యం సరిపోతుంది. తెల్లగా, గుండ్రంగా, సాధారణంగా 2 నుంచి 5 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండే మంచు గింజలివి. వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతాయి.

ఎలా ఏర్పడుతుంది?

నీరు 0 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. కానీ మబ్బులోని అతి చిన్న నీటి బిందువులు సున్నా కంటే ఎంతో చల్లబడినా ద్రవంగానే ఉండగలవు. వీటినే అతిశీతల బిందువులు అంటారు. పై నుంచి జారే మంచు స్ఫటికానికి ఈ బిందువులు తగిలితే వెంటనే దానిపై గడ్డకట్టి అతుక్కుంటాయి. అలా వందలాది బిందువులు పేరుకుపోగా స్ఫటికం అసలు రూపం కనబడకుండా పోతుంది. మిగిలేది గ్రౌపెల్ గింజ. బిందువుల మధ్య గాలి చిక్కుకోవడం వల్లే అది తెల్లగా, గుల్లగా ఉంటుంది.

బలమైన గాలి కెరటాలు ఇలాంటి గింజను పైకి ఎగదోస్తూ ఉంటే, దాని మీద మరింత నీరు గడ్డకట్టి గట్టిపడి వడగల్లు కావచ్చు. 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన గట్టి మంచు ముక్కలను వడగళ్ళుగా లెక్కిస్తారు. అంటే చాలా వడగళ్ళకు గ్రౌపెల్ పిండ దశ లాంటిది.

మనకు పేరెందుకు లేదు?

వేసవిలో మన మైదానాల మీద గాలి ఉష్ణోగ్రత సున్నాకు చేరేది సుమారు నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల ఎత్తులో. గ్రౌపెల్ అక్కడి నుంచి వెచ్చని గాలిలో కిందికి దిగేలోపే కరిగిపోతుంది. మనం చూసేది చల్లటి పెద్ద చినుకులనే. గట్టిగా ఉన్న వడగల్లు మాత్రం ఆ ప్రయాణాన్ని తట్టుకుని పెరట్లో పడుతుంది. కంటికి కనబడింది కాబట్టి దానికి పేరు పెట్టుకున్నాం. హిమాలయాల వంటి చల్లని ప్రాంతాల్లో గ్రౌపెల్ నేల వరకూ చేరుతుంది.

పిడుగుతో సంబంధం

మబ్బులో గ్రౌపెల్ గింజలు, తేలికైన మంచు స్ఫటికాలు ఢీకొన్నప్పుడు వాటి మధ్య విద్యుదావేశం చేతులు మారుతుంది. మైనస్ 15 డిగ్రీల కంటే చల్లగా ఉన్న భాగాల్లో సాధారణంగా గ్రౌపెల్‌కు రుణావేశం, స్ఫటికాలకు ధనావేశం వస్తాయి. తేలికైన స్ఫటికాలు గాలితో పైకి పోతాయి. బరువైన గ్రౌపెల్ కింద ఉండిపోతుంది. ఇలా మబ్బు పైభాగం ధనావేశంతో, దిగువభాగం రుణావేశంతో నిండి, తేడా భరించలేనంతగా పెరిగినప్పుడు మెరుపు పుడుతుంది. అది నేలను తాకితే పిడుగు.

ఇది చిన్న విషయం కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ తెలిపింది. తూర్పు, ఈశాన్య భారతంలోని ఉరుముల గాలివానలను అర్థం చేసుకోవడానికి చేపట్టిన ‘స్టార్మ్’ కార్యక్రమంలో 2006, 2007 సంవత్సరాల్లో ప్రయోగాత్మక పరిశీలనలు జరిగాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ శాస్త్రవేత్తలూ అందులో పాల్గొన్నారు.

ఎలా వాడాలి?

“మబ్బులో గ్రౌపెల్ ఎక్కువగా ఉంది” అనడం సరైనదే. “పొలంలో గ్రౌపెల్ పడి మామిడికాయలు రాలాయి” అనడం సరికాదు. అది వడగళ్ళ పని. విమానాశ్రయాల వాతావరణ నివేదికల్లోనూ ఈ తేడా పాటిస్తారు: పెద్ద వడగళ్ళకు ‘జీఆర్’, చిన్న వడగళ్ళకూ గ్రౌపెల్ వంటి మంచు గింజలకూ ‘జీఎస్’ అన్న సంకేతాలున్నాయి.

గ్రౌపెల్ మన కంటికి కనబడకపోయినా, అది చేసే పని చెవికి వినబడుతుంది. మెరుపు కనబడ్డాక 30 లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పిడుగు ముప్పు సుమారు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్లు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చెట్టు కింద నిలబడకూడదు. చివరి ఉరుము వినిపించిన తర్వాత మరో 30 నిమిషాల వరకు బయటికి రాకూడదు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ కూడా దగ్గరలోని పిడుగుల గురించి ముందే హెచ్చరిస్తుంది.