టు-లెట్ బోర్డు పెట్టే ముందు

ఆదివారం పొద్దున నిజాంపేటలో ఏ జిరాక్సు షాపు ముందు నిలబడినా ఈ దృశ్యం కనిపిస్తుంది. కొత్తగా ఫ్లాటు కొన్న యజమాని ఒక పక్క, అద్దెకు దిగబోయే కుర్రాడు మరో పక్క. షాపతను కంప్యూటర్‌లో పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చి, అద్దె అంకె మార్చి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి ఇస్తాడు. ఇద్దరూ చదవకుండానే సంతకాలు పెట్టేస్తారు. ఇరవై ఏళ్ల జీతం ఈఎంఐలకు రాసిచ్చి కొన్న ఫ్లాటు పది నిమిషాల్లో చేయి మారుతుంది.

విచిత్రమేమిటంటే ఆ యజమానికి భయాలు లేకపోలేదు, చాలానే ఉన్నాయి. కాకపోతే భయపడే చోట చట్టం ఆయన పక్షానే ఉంటుంది. చిక్కులన్నీ ఆయన ధీమాగా ఉన్న చోటే వస్తాయి.

ఆ భయాల్లో ఒకటి పన్నెండేళ్ల భయం. ‘అద్దెకున్నవాళ్లు పన్నెండేళ్లు దాటితే ఇల్లు వాళ్లదే అయిపోతుందట’ అన్న మాట ప్రతి అపార్టుమెంటులోనూ వినిపిస్తుంది. ఈ మాటకు మూలం 1963 నాటి లిమిటేషన్ చట్టంలోని 65వ అధికరణం. అసలు యజమాని హక్కును ఒప్పుకోకుండా, ఇది నాదేనంటూ బాహాటంగా పన్నెండేళ్లు ఆస్తిని అనుభవించినవాడి మీద యజమాని దావా వేసే గడువు దాటిపోతుందని దాని సారాంశం. అద్దెదారు కథ వేరు. అతను యజమాని అనుమతితో లోపలికి వచ్చాడు, నెలనెలా అద్దె కడుతూ ఆయన్ను యజమానిగా ఒప్పుకుంటూనే ఉన్నాడు. ఏ యజమాని ఇల్లు అప్పగించాడో ఆయన హక్కునే అద్దెదారు కాదనడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా అదే చెబుతోంది.

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు దీనికి మంచి ఉదాహరణ. 1953లో అద్దెకిచ్చిన దుకాణం అది. యజమాని పోయాక వీలునామా ప్రకారం ఆయన కోడలికి దక్కింది. పక్కనే ఉన్న కుటుంబ మిఠాయి వ్యాపారానికి ఆ గది కావాలని ఆమె దావా వేస్తే, అద్దెదారు కొడుకులు ‘అసలు మీ మామగారికే హక్కు లేదు’ అని అడ్డం తిరిగారు. కింది కోర్టుల నుంచి హైకోర్టు దాకా ఆమెకు నిరాశే ఎదురైంది. సుప్రీంకోర్టు మాత్రం అంతకాలం అద్దె కడుతూ వచ్చినవాళ్లు హక్కును ప్రశ్నించలేరని తేల్చి, ఖాళీ చేయమంది. డెబ్బై ఏళ్లు అద్దెకున్నా దుకాణం వాళ్లది కాలేదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అతను అద్దెదారేనని ముందు రుజువు కావాలి. అగ్రిమెంటు లేక, అద్దె చేతికి తీసుకుని, రశీదు ఇవ్వని చోట ‘నేను అద్దెకు దిగలేదు, కొనుక్కున్నాను’ అనే వాదనకు తలుపు తెరిచినట్టే. అందుకే అద్దె బ్యాంకు ఖాతాలో పడాలి. తెలిసినవాళ్లకు, చుట్టాలకు ఇచ్చిన ఇళ్ల దగ్గర ఈ పొరపాటు మరీ ఎక్కువ.

ఇక ధీమా సంగతి. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను అంటుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిందే పదకొండు నెలల లెక్క. కేంద్ర చట్టం వరకైతే ఇందులో తప్పేం లేదు, కానీ ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన సవరణ ప్రకారం ఇక్కడ గడువుతో పనిలేకుండా లీజులన్నీ రిజిస్టరు కావాలి. మూడేళ్ల లీజు రాసుకుని రిజిస్టరు చేయించకుండా బీరువాలో పెట్టుకున్నప్పుడు అసలు చిక్కు వస్తుంది. అలాంటి పత్రంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

ఉదాహరణకు, కోల్‌కతాలో ఒక కంపెనీ ఫ్లాటు అద్దెకు తీసుకుంది. పేరు పెట్టి చెప్పిన ఫలానా అధికారి మాత్రమే అందులో ఉండాలని లీజులో రాసుకున్నారు. తరువాత కంపెనీ మరో అధికారిని దింపబోతే యజమాని కోర్టుకెక్కాడు. లీజు రిజిస్టరు కాలేదు. పత్రం మొత్తాన్ని కాకపోయినా ఆ ఒక్క షరతునైనా చూడమని ఆయన కోరాడు. లీజులో అది ముఖ్యమైన షరతు కాబట్టి రిజిస్టరు కాని పత్రం నుంచి దాన్ని విడదీసి అమలు చేయలేమని 2008లో సుప్రీంకోర్టు చెప్పేసింది. షరతు కాగితం మీద స్పష్టంగానే ఉంది, పనికి మాత్రం రాలేదు.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. పదకొండు నెలల అగ్రిమెంటుకైనా స్టాంపు సుంకం అద్దె మొత్తం మీద లెక్కకడతారు. అది తక్కువైతే, లోటూ జరిమానా కట్టే దాకా ఆ పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా చేర్చుకోదు. వంద రూపాయల పేపరు వాడితే చాలనుకోవడం దుకాణాల్లో పుట్టిన నమ్మకం.

రాయాల్సిన షరతుల్లో ఎక్కువమంది మరిచేది ఒకటుంది. ఒప్పందంలో వద్దని రాయకపోతే, ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అద్దెదారు ఇంటిని మరొకరికి అద్దెకు ఇచ్చుకోవచ్చు. దంపతులకని ఇచ్చిన త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటు ఆరు నెలలకు పన్నెండు మంచాల పీజీ హాస్టల్‌గా మారితే, ‘సబ్‌లీజు కూడదు, నివాసానికి మాత్రమే’ అన్న వాక్యం ఉందో లేదో అప్పుడు వెతుక్కోవాలి. అడ్వాన్సు ఎంత, ఎందుకు కోస్తారు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, మెయింటెనెన్స్ ఎవరిది, రంగుల ఖర్చు ఎవరిది అనేవీ రాయాల్సిందే. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం సూచించింది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

అద్దెదారు కదలనంటే? ఇక్కడే యజమానులు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. కుళాయి కట్టేయడం, ఫ్యూజు పీకేయడం, ఊరెళ్లినప్పుడు తాళం మార్చేయడం చేస్తుంటారు. ‘నా ఇల్లు, నా తాళం’ అన్న మాట కోర్టులో నిలవదు. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టేస్తే, ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందే హక్కును 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను ఇచ్చింది. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఎవరు ఉంటున్నారు, ఎలా పంపేశారు అన్నంత వరకే చూస్తారు. హక్కుపత్రాల కట్ట చంకలో ఉన్నా యజమాని ఓడిపోవచ్చు.

సరైన దారి నోటీసుతో మొదలవుతుంది. గడువు ముగిసి నెలనెలా సాగుతున్న అద్దె అయితే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు చాలు. తరువాత దావా. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా ఉన్నా, 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన ఇళ్లు దాని పరిధిలోంచి బయటికొచ్చాయి. అందుకే నేటి హైదరాబాద్ అద్దె తగాదాల్లో ఎక్కువ భాగం సివిల్ కోర్టుకే చేరతాయి.

నోటీసు ఇచ్చాక ఇంకో జాగ్రత్త ఉంది. గడువు దాటిన మరుసటి నెల ఒకటో తారీఖున ఫోన్ టింగుమంటుంది: అద్దె ఫోన్‌పేలో పడింది. యజమాని ‘థాంక్యూ’ అని చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. నోటీసు తరువాత అద్దె పుచ్చుకున్నారు కాబట్టి నోటీసు వదులుకున్నట్టేనని అవతలి వకీలు వాదించడానికి ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షను ఆధారమవుతుంది. డబ్బు వెనక్కి పంపనక్కర్లేదు. ‘నోటీసు ప్రకారం నా హక్కులు వదులుకోకుండా, వాడకపు సొమ్ము కింద తీసుకుంటున్నాను’ అని అప్పుడే ఒక మెసేజ్ పెడితే ఆ వాదన బలం తగ్గుతుంది.

ఇల్లు ఇక్కడ, కొడుకు డాలస్‌లో ఉన్న కుటుంబాలకు మరో రెండు మాటలు. యజమాని ప్రవాసి అయితే అద్దె ఎంత తక్కువైనా, పన్ను కోసి మిగతాదే చెల్లించే బాధ్యత అద్దెదారు మీద ఉంటుంది. స్థానిక యజమానికైతే వ్యక్తులు కట్టే అద్దె నెలకు 50,000 దాటినప్పుడే ఆ కోత, అదీ 2024 అక్టోబరు నుంచి 2 శాతమే. తండ్రి పేర రాసిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ)లో అద్దెకివ్వడం, నోటీసు ఇవ్వడం, దావా వేయడం అన్న అధికారాలు విడివిడిగా ఉండాలి. జీపీఏ మీద ‘అమ్మకాలు’ మాత్రం ఆస్తి హక్కును బదిలీ చేయవని 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అద్దె వస్తున్న ధైర్యంతో రెండో ఫ్లాటు వైపు చూసేవాళ్లు మళ్లీ మొదటికే రావాలి. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), లింకు డాక్యుమెంట్లు, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో పడుతోందా అన్నవి చూడాలి. 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ యంత్రాలు చెరువుల వెంట తిరిగాక ఈ చివరి ప్రశ్న అడగని కొనుగోలుదారు హైదరాబాద్‌లో అరుదు. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు. ప్రీలాంచ్ ఆఫర్‌లో సగం ధర ఆశ చూపిన బ్రోకరును రెరా నంబరు అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది సార్’ అంటాడు. అంటే ఆ రోజుకి బిల్డరుకు అడ్వాన్సు పుచ్చుకునే హక్కు కాదు కదా, ఆ బ్రోషరు పంచే హక్కు కూడా లేదు.