ఫోన్ రాని రోజుల్లో

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి కోడలికి పెద్దత్త ఆశీస్సులు.

మీ ఆయన యూనిట్‌తో దక్షిణ సూడాన్ వెళ్ళినప్పటినుంచీ నువ్వు మంగళ, శుక్ర, శనివారాలు ఒంటిపూట ఉంటున్నావని మీ అత్త చెప్పింది. ఫోన్ రాకపోతే ఆ రాత్రి అసలు ముద్దే ముట్టడం లేదట. చంటిదానికి పాలిచ్చే మనిషివి. ముందు అది మానెయ్, తరవాత మిగతాది చదువు.

పూజ వద్దనడం లేదు. 1987లో మీ పెద్దమామయ్య శాంతిసేనతో శ్రీలంక వెళ్ళినప్పుడు నేనూ ఇంట్లో దీపం ఆరనివ్వలేదు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రతో ఉత్తరం వచ్చేది. చేతికందేసరికి పాతబడిపోయేది. రాసిన రోజుకు క్షేమం, అంతే. ఆ లంక నుంచి మన జవాన్లు వెయ్యి మందికి పైగా తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళలో మాత్రం మొక్కుకోలేదా? అందుకే, నువ్వు పస్తుంటే వాడికి మేలు జరుగుతుందని నేను చెప్పను. పొద్దున్నే దీపం పెట్టు, వచ్చినంత చదువుకో, లేచి పాలు కాచుకో. దేవుడితో బేరాలు పెట్టుకోకు.

ఇక ఫోన్ సంగతి. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. వాడు రాత్రి ఎనిమిదికి తీరిక చేసుకుంటే నీకు పదకొండున్నర. అప్పటిదాకా చంటిదాన్ని జోకొట్టకుండా కూచోబెడుతున్నావట, అదేం పని! వాడికి పొద్దున ఐదున్నర అంటే నీకు తొమ్మిది. కుదిరిన రోజు అప్పుడు చెయ్యమను. వాడుండే మలకాల్ వైట్ నైల్ ఒడ్డున ఉంది, నేలంతా మనకు తెలిసిన నల్లరేగడే. వానాకాలం దిగితే బండ్లు కూరుకుపోతాయి, గస్తీకి వెళ్ళినవాళ్ళు అనుకున్న రోజుకి క్యాంపు చేరలేరు. సిగ్నలూ అంతంతే. రెండు రోజులు పలకలేదంటే చాలాసార్లు కారణం బురదే.

2013 ఏప్రిల్‌లో ఆ దేశంలోనే జోంగ్లీలో దాడి జరిగి మన జవాన్లు ఐదుగురు పోయిన మాట నిజం. ఆ పాత వార్తనే నిన్న జరిగినట్టు ఎవరో వాట్సాప్‌లో పంపితే నువ్వు రాత్రంతా ఏడ్చావట. ఏదైనా జరిగితే యూనిట్ వాళ్ళే కబురు చేస్తారు. ఇక్కడ ఉండిపోయిన సుబేదార్ సాబ్ నంబరు ఫ్రిజ్ మీద అంటించుకో, అనుమానం వస్తే ఆయన్నే అడుగు. వాడు ఎటు వెళ్తున్నాడో, ఎప్పుడు వెళ్తున్నాడో మాత్రం వాణ్ణి అడగకు. తెలిసినా స్టేటస్‌లో పెట్టకు.

పక్క క్వార్టర్ పంజాబీ అమ్మాయి గురుద్వారాకి పిలిస్తే మొహమాటపడ్డావట. వెళ్ళు తల్లీ. కంటోన్మెంటులో సర్వధర్మ స్థల్ చూశావుగా, అన్ని ప్రార్థనలూ ఒకే కప్పు కింద. ఫౌజీ ఇళ్ళలో ఇదేం కొత్త కాదు. ఆ అమ్మాయి మొగుడూ దక్షిణ సూడాన్‌లోనే ఉన్నాడు కాబట్టి, నాకన్నా తనకే నీ బాధ బాగా తెలుస్తుంది. గురుద్వారా లంగరులో కడుపునిండా తిని రా.

తిరుపతి మొక్కు ఒక్కటి ఉంచుకో. వాడొచ్చాక అందరం కలిసి కొండకి వెళ్దాం, నాకూ ఎన్నాళ్ళనుంచో ఉంది.

జాయింట్ అకౌంట్ పాస్‌బుక్కు, నీ డిపెండెంట్ కార్డు ఒకచోట పెట్టమని మీ పెద్దమామయ్య చెప్పమన్నారు. నెలాఖరుకి నేనే సికింద్రాబాద్ వస్తున్నాను. కొత్తావకాయ తెస్తున్నా. నా ఎదురుగా కూచుని తినాలి, శనివారమైనా సరే.

ఇట్లు,
మీ పెద్దత్త