గాత్రమును ముంచివేయు తాళము

ప్రశ్న: ఇంట్లో ఎనిమిది ట్రాకుల రికార్డరుమీద లలితగీతాలు రికార్డు చేస్తున్నాను. అందులోని రిథమ్ పెట్టుకొని పాడితే గొంతు వినబడదు. రివర్బు పెంచితే నూతిలోంచి పాడినట్టుంటుంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, లోపము మీ కంఠమునందు గాక పనుల క్రమమునందున్నది. పాడునపుడే రివర్బును ట్రాకుమీదికి ఎక్కించినచో దానిని పిమ్మట వేరుచేయుట దుర్లభము గనుక, గాత్రమును ఏ హంగును లేక రికార్డు చేసి, రివర్బును మిక్సింగు వేళ, ఉన్నదో లేదో అన్నంత మాత్రమే కలుపుడు.

లయ విషయమున తొందర కూడదు. మొదటి ట్రాకు పట్టకమునుపే వేగమును నిశ్చయించుకొనుడు. ఏలయన, ఒకసారి పాడిన గొంతు తరువాత మార్చిన వేగమును సాధారణముగా అనుసరింపదు. తిస్రగతి పాటకు నాలుగు దెబ్బల వరుస పొసగదు. ఆరు దెబ్బల వరుసను వెదకుడు. డ్రమ్ముల హోరు లలితగీతమునకు నప్పదని నా అభిప్రాయము. వట్టి టిక్కు శబ్దముతో పాడి, తబలాను పిదప చేర్చుట మేలు.

మిక్సింగునకు ఫేడర్లన్నియు దించి, మొదట గాత్రమును, దానికి లోబడునట్లు తక్కినవానిని పైకి తెండు. గొంతు వినబడనపుడు దానిని పెంచుటకంటె రిథమ్‌ను తగ్గించుట శ్రేయము. మైకునకు మిక్కిలి చేరువగా పాడుటచే పేరుకొను గుబగుబను, ఈక్వలైజరులో 100 హెర్ట్జులకు దిగువ తగ్గించినచో, మాట తేటపడును.

ఫేడర్లన్నియు దించినను హమ్ము వినవచ్చుచున్నచో, పెట్టెను విప్పక, ముందు గోడ ప్లగ్గు ఎర్తింగును ఎలక్ట్రీషియనుచే చూపించి, అప్పటికిని పోనిచో యంత్రమును సర్వీసు మెకానిక్కునకు అప్పగింపుడు.