కిస్తీ ఏ పైసలతోని కడుతవ్ బిడ్డా?

కామారెడ్డి,
2025 నవంబరు

చి.ల.సౌ. మేనకోడలికి మామ ఆశీర్వదించి రాసేది.

 

నువ్వు ఫోన్‌ల చెప్పినవన్నీ కాగితం మీద వేసుకొని చూసిన. వాగు ఒడ్డు ఎకరంల ఇసుక మేట వేసింది. మిగిలిన రెండెకరాలల్ల సగం పంటే చేతికొచ్చింది. మూడు రూపాయల మిత్తికి తెచ్చిన లక్ష అట్లనే ఉన్నది. అల్లుడేమో దుబాయి పోతనంటుండు, ఏజెంటు లక్షన్నర అడిగిండు. నీ తోటి ఆడోళ్లేమో ఫైనాన్స్ గ్రూపుల చేరు, అరవై వేలు ఇప్పిస్తమని వెంటబడ్డరు. ఏది ముందు చెయ్యాలె మామా అని అడిగినవ్. లెక్కలు ఫోన్‌ల చెప్తే చెవిల నిలువవు. అందుకే రాస్తున్న, అల్లుడికి కూడ చదివి వినిపించు.

ముందుగాల ఒక మాట. అప్పైందని నలుగురిల తల దించుకోకు. 2019ల కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేల తెలంగాణల సేద్యం చేసే ప్రతి వంద ఇండ్లల్ల 91 ఇండ్లకు పైగ అప్పున్నదని తేలింది. సగటున ఇంటికి లక్షా 52 వేలు. మొన్న ఆగస్టు 27, 28 తారీకులల్ల మన దగ్గర పడిన వాన నువ్వు కండ్లార చూసినవ్. రాజంపేట మండలం అర్గొండల ఒక్కనాడే 40 సెంటీమీటర్లు దాటింది, రైలు పట్టాల కింది మట్టే కొట్టుకపోయింది. 1922ల కట్టిన పోచారం ప్రాజెక్టు కట్ట ఉంటదో పోతదో అని మీరంతా రాత్రి జాగారం చేసిన్రు. దాంట్ల నీ తప్పేమున్నది? తప్పు జరిగితే ఇగ ముందు జరుగుతది, ఈ రెండు మూడు నెలలల్లనే, భయంతోని పెట్టే సంతకాలల్ల.

గంజ్‌ల అడ్తి దుకాణంల పద్దులు రాసుకుంటనే నాకు జుట్టు నెరిసింది. ఆగమైన ఇండ్లు శానా చూసిన. అందరు మిత్తి ఎక్కువై మునిగిన్రనుకుంటరు. మిత్తి ఒక్కటే కాదు బిడ్డా. పైసలు వచ్చే తారీకు ఒకటి, కట్టే తారీకు ఇంకొకటి అయిన కాడ ఇల్లు మునుగుతది. మనకు వరి పైసలు ఏడాదికి రెండుసార్లు వస్తయి: వానాకాలం పంటకు ఒకసారి, యాసంగి పంటకు ఇంకోసారి. గ్రూపు కిస్తీ నెలనెలా వస్తది, కొన్నికాడ వారం వారం. గిరిగిరి అప్పిచ్చేటోడు రోజూ సాయంత్రం వసూలుకు బండి మీద వస్తడు. పంట మీద భరోసాతోని నెల కిస్తీ తీసుకున్నోళ్లు, మధ్యల నాలుగైదు నెలలు ఆ కిస్తీ కట్టనీకె ఇంకో అప్పు చేస్తరు. రెండో అప్పు తినుటానికి చేసింది కాదు, పెండ్లికి చేసింది కాదు, తారీకు కోసం చేసింది. అసలు పీకకు పడే ముడి అదే.

కాబట్టి ఏ అప్పు నీ ముందుకొచ్చినా మిత్తి ఎంత అని తర్వాత అడుగు. ఈ కిస్తీ ఏ పైసలతోని కడుత అని మొదలు అడుగు. నెల కిస్తీ అయితే నెలనెలా వచ్చే పైసలనే లెక్కపెట్టు, అంటే నీ బీడీల జమ, పాల బిల్లు. రెండు కలిపి ఏడు వేలు అంటివి. పంటను ఆ లెక్కల కలుపకు.

ఇగ ఆ అరవై వేల సంగతి చూద్దాం. వాళ్లు రూపాయి మిత్తే అన్నరని సంబురపడ్డవ్. అరవై వేలకు నెలకు ఆరువందల చొప్పున రెండేండ్లకు 14,400 మిత్తి కలిపి, మొత్తం 74,400ని ఇరవై నాలుగు నెలలకు పంచితే నెలకు 3,100 అయితది. కని నువ్వు నెలనెలా అసలు తగ్గిస్తనే ఉంటవ్ గదా. పన్నెండో నెలకు నీ చేతుల ఉన్న అసలు సగమే, మిత్తి మాత్రం పూర్తి అరవై వేల మీదనే నడుస్తది. తగ్గిన అసలు మీద సరిగ లెక్కగడితే అది రూపాయి కాదు, రెండు రూపాయలకు జరంత తక్కువ. షావుకారి రెండు రూపాయలంటే భయపడతం, అదే మిత్తి ఆఫీసుల కూసున్నోడు రూపాయి అని చెప్తే సంతకం పెడ్తం. ఎవరన్నా రూపాయి అంటే, మొదటి అసలు మీదనా, మిగిలిన అసలు మీదనా అని అడుగు. అప్పుడు వాళ్ల మొఖం చూడు.

ఇంకో లెక్క. ఇసొంటి గ్రూపు అప్పులకు రిజర్వ్ బ్యాంకు 2022ల ఒక నియమం పెట్టింది: అన్ని అప్పుల కిస్తీలు కలిపి ఇంటి నెల ఆమ్దానీల సగం దాటొద్దని. నన్నడిగితే ఆ సగం కూడ మనలాంటి ఇండ్లకు ఎక్కువే. పావు వంతు దాటొద్దంట నేను. ఏడు వేలల్ల పావంటే 1,750. 3,100 ఏడికెళ్లి తెస్తవ్? పైగ గ్రూపుల ఒకరు కట్టకపోతే మిగిలినోళ్లు కట్టాలె, అంటే నువ్వు నీ అప్పుకే కాదు, నాలుగిండ్లకు జమానత్ ఉన్నట్టు. 2010ల ఇసొంటి వారం వారం కిస్తీలు కట్టలేక ఉమ్మడి రాష్ట్రంల ఎందరో ప్రాణాలు తీసుకున్నరు. ఆ ఏడు అక్టోబరుల సర్కారు ఆర్డినెన్సు తెచ్చి ఆ కంపెనీల వసూళ్లను కట్టడి చేసింది. 2023ల మన హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు ఆ చట్టం వర్తించదన్నది. అందుకే మళ్ల ఊర్లల్ల మీటింగులు కనపడుతున్నయి. ఇప్పుడు చేరినోళ్లను ఎవరన్నా ఇబ్బంది పెడితే ఇది చెప్పు: పొద్దుగాల 9 గంటలకు ముందు, సాయంత్రం 6 దాటినంక వసూలుకు ఫోన్ చెయ్యొద్దని ఆ 2022 నియమాలల్లనే ఉన్నది. నువ్వు మాత్రం చేరకు. అంతగ అవుసరం పడితే మన మహిళా సంఘం ఉన్నది, స్త్రీనిధి ఉన్నది. కిస్తీ తప్పకుండ కడితే సంఘం లోను మిత్తి సర్కారు వాపస్ ఇచ్చే పథకమే ఉన్నది. ఆ పైసలు ఆలస్యంగ వస్తయని మీ సంఘపోళ్లు గులుగుతరు, నిజమే, కని గ్రూపు ఫైనాన్స్‌తోని దానికి పోలికనా?

గిరిగిరి గురించి నీకు చెప్పే పని లేదనుకుంట. పదివేలు అని చెప్పి పదిహేను వందలు ముందే పట్టుకొని 8,500 చేతుల పెడతరు, వంద రోజులు రోజుకు వంద కట్టించుకుంటరు. లెక్క వేసి చూసిన, నెలకు నూటికి పది రూపాయల మిత్తి పడుతది. ఫోన్‌ల అప్పిచ్చే యాప్‌లు ఇంకా అన్యాయం, మన ఫోన్‌ల ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పరువు తీస్తరు. ఆ జోలికే పోవద్దు. మీ ఊర్ల ఎవరన్నా ఇరుక్కుంటే 1930కి ఫోన్ చెయ్యమను.

ఇప్పుడు ఆ మూడు రూపాయల లక్ష. దీన్నే ముందు తెంపాలె. ఏడాదికి 36,000 మిత్తి. మిత్తి కట్టకపోతే అసలుల కలిపి కాగితం తిరగరాయిస్తరు, అప్పుడు రెండో ఏడు చివరకు 1,84,960, మూడో ఏడు దాటితే రెండున్నర లక్షలు. ప్రామిసరీ నోటు రాసిన మూడేండ్లల్ల కోర్టుకు పోకపోతే చెల్లదు గనుక, వాళ్లు తిరగరాయమని వస్తనే ఉంటరు. నీ మెడల రెండు తులాలు, చేతి గాజులు ఉన్నయి గదా. అవి సర్కారు బ్యాంకుల పెట్టు. మిత్తి రూపాయి లోపే పడుతది, ఏడాదికి ఒకేసారి కట్టే లోను దొరుకుతది, అంటే యాసంగి వడ్లు అమ్మినంక కట్టొచ్చు. తారీకు మన పంటకు కలిసింది, చూసినవా? అప్పుతోని అప్పు తీర్చొద్దని పెద్దలంటరు. మిత్తి సగానికి సగం తగ్గి, తారీకు పంటకు కలిసినప్పుడు తీర్చొచ్చు అని నేనంట. బంగారం బీరువల ఉండి ఇల్లు మిత్తి కట్టుడు తెలివి కాదు. మీ అమ్మ పెట్టిన సొమ్మని ఏడువకు, విడిపించుకుందువు.

లక్ష ఇచ్చేటప్పుడు పాత నోటు చేతికి తీసుకొని చింపించు. అసలుల కొంత కట్టినా సరే, కాగితం ఎన్కపొంటి చెల్లు రాయించు, తారీకు వేయించు. నోటిమాట మీద కట్టినోళ్లు రెండుసార్లు కట్టంగ చూసిన.

పంట లోను ఎట్లున్నదో నువ్వు చెప్పలేదు. మూడు లక్షల దాక పంట లోనుకు 7 శాతం మిత్తి, టైముకు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే. 2024ల రెండు లక్షల దాక మాఫీ అయినంక మన దగ్గర ఒక అలవాటు పట్టింది, మళ్ల మాఫీ వస్తది ఆగుదమని. వస్తే మంచిదే. దాని కోసం గడువు తప్పిస్తే ఆ 3 శాతం పోతది, కొత్త లోను ఆగుతది, అప్పుడు మళ్ల మూడు రూపాయలోని కాడికే. వరద జిల్లా గనుక ఇంకోటి కూడ అడుగు: 33 శాతం పైన పంట పోయిన కాడ పంట లోను గడువు పొడిగించే వీలు రిజర్వ్ బ్యాంకు నియమాలల్ల ఉన్నది. నోటితోని కాదు, దరఖాస్తు రాసి మేనేజరుకు ఇచ్చి, రెండో కాగితం మీద ముద్ర వేయించుకో.

యాసంగికి విత్తనాలు, యూరియా ఉద్దెర తెచ్చుకుంటే పంట అదే దుకాణానికి తూకం పెట్టాలెనని షరతు ఉంటది. నా సేటుకు కోపమొస్తే రానీ, చెప్తున్న: ఆ ఉద్దెర మిత్తి కాగితం మీద కనపడదు, వడ్ల ధరల కనపడుతది. ఈ 2025-26 సీజన్ల ఏ గ్రేడు వడ్లకు క్వింటాకు 2,389 మద్దతు ధర, సన్నాలకు దానిమీద 500 బోనస్. కొనుగోలు కేంద్రంల పోస్తేనే అది మనది.

అల్లుడి దుబాయి సంగతి. పోవద్దని నేననను, మన జిల్లల దుబాయి పైసలతోని లేసిన ఇండ్లెన్నో. కని మూడు రూపాయలకు లక్షన్నర తెస్తే నెలకు 4,500 మిత్తే, ఆడ జీతం మొదలుకాకముందు నుంచే. ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నదా అడుగమను. ఉన్నోడు సర్వీసు ఛార్జీ కింద 30,000 దాటి తీసుకోవద్దు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగిండంటే లైసెన్సు లేనోడో, ఉండి దొంగతనం చేసేటోడో. విజిట్ వీసా మీద పనికి పోతానంటే మాత్రం నువ్వు అడ్డం పడుకో. పద్ధతిగ ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద పోయేటోళ్లకు 275 రూపాయలతోని రెండేండ్లకు పది లక్షల ప్రవాసీ బీమా ఉన్నది. విజిట్ మీద పోయినోళ్లకు ఏదీ లేదు.

ఇంటి ఖర్చుల గురించి నీకు నేను చెప్పేది తక్కువ, నువ్వే పొదుపుగల్లదానివి. ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం రేషన్ల వస్తున్నయి, వాటిని అమ్ముకోకు, వండుకో. దవాఖాన ఖర్చే మన ఇండ్లను కూలుస్తది, ఆరోగ్యశ్రీ పది లక్షల దాక ఉన్నది, కార్డుల అందరి పేర్లు ఉన్నయా చూసుకో. బ్యాంకు ఖాతాల ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండూ కట్టండి. పట్టా పాస్‌బుక్కు ఇంకా అల్లుడి నాయిన పేరు మీదనే ఉన్నదని విన్న. ఆయనకు అరవై దాటినయి, రైతుబీమా పట్టా ఉన్నోళ్లకే, అదీ 59 ఏండ్ల దాకనే. ఐదు లక్షల బీమా ఇంట్ల ఎవరికీ లేనట్టే లెక్క. ఆ పట్టా పంపకం సంగతి నువ్వు మాట్లాడితే బాగుండదు, పండుగకు వచ్చినప్పుడు నేనే మాట్లాడుత. నీ బీడీల పీఎఫ్ మాత్రం ఎవరు చెప్పినా ఇప్పుడు తీయకు.

శనివారం అల్లుడిని తీసుకొని పొద్దుగాల బస్సుకే రా. బంగారం, ఆధార్ కార్డులు, పంట లోను పుస్తకం, ఆ నోటు నకలు తెచ్చుకో. పదిన్నరకు బ్యాంకు తెరిచే సరికి మనం అక్కడుండాలె. అప్పటిదాక మీరిద్దరు ఎవరి కాగితం మీద కూడ సంతకం పెట్టకున్రి.

ఇట్లు,
మీ మామ