ఒకే తూనిక

ఒక గ్రంథం సభ్యమా, అసభ్యమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు తీర్పు చెప్పడం సులభం. ఆ తీర్పుకు వాడిన తూనికను పరీక్షించడమే కష్టం. ‘రాధికా సాంత్వనము’ను గురించి జరిగిన వాదం ఇందుకు చక్కని తార్కాణం.

ఆ కావ్యకర్త్రి ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి. రాధాకృష్ణుల ప్రణయకలహమే కావ్యవస్తువు. కందుకూరి వీరేశలింగం పంతులు ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో, ఇందలి కొన్ని ఘట్టాలు స్త్రీలు వినరానివనీ, స్త్రీ నోట అసలే రాదగనివనీ ఆక్షేపించారు. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి, సంఘం ఆగ్రహాన్ని భరించిన సంస్కర్త ఆయన. వేశ్యావ్యవస్థ మీద ఆయన సాగించిన పోరాటం ఈ మాటల వెనుక ఉన్నది. స్త్రీని కించపరచడం ఆయన ఉద్దేశం కాదు.

అయితే సదుద్దేశం ఉన్నంత మాత్రాన తూనిక సరియైనది కాదు. దీనిని గుర్తించినది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో జన్మించిన ఈ గాయని, విదుషి, కోపంతో ఊరకుండలేదు. అంతకుముందు వెలువడిన అచ్చుప్రతిలో అవతారికా, కొన్ని పద్యాలూ లోపించాయని గమనించారు. వ్రాతప్రతిని సంపాదించి, 1910లో వావిళ్ళవారి ద్వారా సమగ్రంగా ప్రకటింపజేశారు. (మూలాన్ని చదివి వాదానికి దిగేవారు ఏ కాలంలోనైనా కొద్దిమందే.) సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు అక్కరలేదా అని పీఠికలో నిలదీశారు. శృంగారమే దోషమైతే, పంతులుగారే పరిశీలించి ప్రచురణకు ఆమోదించిన ‘వైజయంతీవిలాసము’ మాటేమిటని అడిగారు. ఆమె కోరినది మినహాయింపు కాదు, కవికీ కవయిత్రికీ ఒకే తూనిక.

ఈ ప్రశ్నకు సమాధానం రాకముందే మద్రాసు ప్రభుత్వం అశ్లీలమంటూ గ్రంథాన్ని నిషేధించింది. ఒక మాట ఇతరులను నొప్పిస్తుందని తాను విడిచిపెట్టడం వేరు, ఒక పుస్తకం ఎవరి చేతికీ చిక్కకుండా చేయడం వేరు. మొదటిది సంస్కారం. రెండవది పాఠకుని వివేచనను నమ్మకపోవడం. విమర్శకుడు తన అభిప్రాయాన్ని ఎంత కటువుగా చెప్పినా పాఠకునికి బదులు చెప్పే అవకాశముంటుంది. నిషేధం ఆ అవకాశాన్నే లాగివేస్తుంది. నాగరత్నమ్మ వాదం చదివినవారికి, ఆ వాదం దేనిని గురించో చూచుకొనే వీలు మూడు దశాబ్దాలకు పైగా లేకపోయింది.

పంతులుగారు 1919లో గతించారు. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న 1946–47 కాలంలో నిషేధం తొలగింది. వావిళ్ళవారు కావ్యాన్ని 1952లో తిరిగి ముద్రించారు. నాగరత్నమ్మ కన్నుమూసినదీ ఆ ఏడాదే.