నేలపట్టు చూసొద్దాం

సంక్రాంతి అయిపోయింది. కోతలకు ఇంకా రోజులున్నాయి. "ఈ తీరికలో ఎక్కడికన్నా పోదామా?" అని మా చదువుల కేంద్రంలో అడిగాను.

"యాడికి పోతాం టీచరమ్మా! పుట్టిల్లు, అత్తిల్లు, ఆస్పత్రి. మనకు తెలిసింది ఈ మూడే" అన్నది ఒక పెద్దమ్మ. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఆదివారం పద్నాలుగు మందిమి సద్ది కట్టుకొని బయలుదేరాం. నేలపట్టు సూళ్లూరుపేట దగ్గర, దొరవారిసత్రం మండలంలో ఉంది. దారి పక్కన వరి పొలాలు పచ్చగా ఉన్నాయి. గేటు దగ్గర బోర్డు ఉంది. "ప... క్షు... ల... పక్షుల సంరక్షణ కేంద్రం" అని పెద్దమ్మ కూడబలుక్కొని చదివింది. టిక్కెట్ల మీది అంకెలు చదివి, చిల్లర లెక్క కూడా తనే చూసుకున్నది.

ప్రభుత్వం 1976లో ఈ కేంద్రాన్ని పెట్టింది. దీని విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. అంటే 1,100 ఎకరాల పైమాటే. ఇందులో చెరువు ఉంది. చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉన్నాయి. ఆ చెట్ల నిండా గూళ్లే! చుట్టూ నీళ్లు ఉంటే పిల్లులు, కుక్కలు గూటి దగ్గరికి పోలేవు. అందుకే పక్షులు ఆ చెట్లను ఎంచుకున్నాయి. చెరువు ఎండితే వాటికి ఆ కాపలా పోతుంది.

ఇక్కడ ముఖ్యంగా చూడాల్సింది గూడబాతును. దాని ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతుంది. "అందులో చేపలు దాచుకుంటుందా?" అని అడిగారు. దాచుకోదు. ఆ సంచి మనం చేపలు పట్టే వల లాంటిది. నీళ్లతో సహా చేపను తోడుతుంది. నీళ్లు వదిలేసి చేపను మింగుతుంది. మేత కోసం పులికాట్ సరస్సు దాకా ఎగిరిపోతుంది. తిరిగి వచ్చి నోరు తెరిస్తే పిల్లలు దాని గొంతులో తల దూర్చి తింటాయి. గుడ్లను ఆడదీ మగదీ వంతులవారీగా పొదుగుతాయి. ఈ మాట చెప్పగానే మావాళ్లు ఎంత నవ్వారో! "మా ఇంటాయన్ని తీసుకొచ్చి చూపించాల్సింది" అన్నది ఒక అక్క.

నత్తగుల్ల కొంగ కూడా ఉంది. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. ఇది పొలాల్లో, చెరువుల్లో నత్తలను ఏరుకొని తింటుంది.

బయటికి వచ్చాక గట్టు మీద ఒక రైతమ్మ కనిపించింది. "ఇన్ని పక్షులు మీ పంట పాడు చెయ్యవా?" అని అడిగాం.

"అవి తినేది చేపలు, కప్పలు, నత్తలు. గింజ ముట్టవు. వాటి రెట్ట చెరువులో పడుతుంది. ఆ నీళ్లు పారిన మడికి ఎరువు తక్కువ పడుతుంది" అన్నది. రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. మనం యూరియా బస్తాతో కొనేది ఆ నత్రజనినే.

తిరిగి వచ్చేటప్పుడు ఒక అక్క మాట్లాడలేదు. ఊరు దగ్గరపడ్డాక మెల్లగా అడిగింది. "మా ఆయన మన చెరువులో ఉచ్చులు పెడతాడు. ఈ నెలలో పట్టిన కొంగకు గూట్లో పిల్లలు ఉంటాయా?"

"ఉండొచ్చు అక్కా" అన్నాను. అడవి పక్షులను వేటాడితే 1972 నాటి చట్టం ప్రకారం శిక్ష ఉందని కూడా చెప్పాను. ఆమె చట్టం సంగతి పట్టించుకోలేదు. "వంతులవారీగా పొదుగుతాయంటివి గదా. ఒకటి రాకపోతే రెండోది మేతకు ఎట్టా పోతుంది?" అన్నది. కొంగలు అమ్మిన డబ్బుతో వాళ్లింట్లో కూర వండుకుంటారు. అది నాకు తెలుసు. అందుకే ఇంకేమీ అనలేకపోయాను.

మీరూ పోవాలంటే అక్టోబరు నుంచి మార్చి లోపల పోండి. ఆశ్వయుజం, కార్తీకం వానలు బాగా పడి చెరువు నిండిన ఏడు పక్షులు ఎక్కువ వస్తాయి. పొద్దున్నే పోండి. గూళ్ల దగ్గర కేకలు వెయ్యకండి. బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు పాడవుతాయి. సద్ది తిన్న కాగితాలు, కవర్లు సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చుకోండి.

చర్చించండి: మీ ఊరి చెరువులో ఏ పక్షులు దిగుతాయి? వాటి పేర్లు రాయండి. వాటిని ఎవరైనా పడుతున్నారా? ఎందుకు పడుతున్నారు?