గ్రామ న్యాయమునకు కళాసేవ

కళ వినోదమునకు మాత్రమే గాక సంఘ సంస్కారమునకును సాధనమన్న సంగతి తెలుగువారికి క్రొత్త కాదు. 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ నాటక సమాజము వారు గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'ను ప్రదర్శించినపుడు, పసిపిల్లలను ధనమునకు కట్టబెట్టు దురాచారమును జనులు రంగస్థలముపై కన్నులార చూచిరి. పిమ్మట ప్రజానాట్యమండలి కళాకారులును, షేక్ నాజర్ వంటి బుర్రకథకులును ఊరూరికిని పోయి పేదల కష్టములను కథగా పాడి వినిపించిరి.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. కథ విని కంటనీరు పెట్టుకొన్నవాడు తెల్లవారిన పిదప తన యింటను, తన వీధిలోను ఏమి చేయును? శాంతి న్యాయముల కొరకు కళను చేపట్టిన ప్రతి సేవాసంస్థయు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసినదే. బ్రెజిలు దేశమున మొలకెత్తి, మన దేశమున బెంగాలు పల్లెలలో వేరూనిన ఒక సమాధానమును గ్రామ పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలు.

రైతు నేర్పిన పాఠము

అగుస్తో బోవాల్ 1931లో బ్రెజిలులోని రియో డి జనీరో నగరమున జన్మించెను. 1956 నుండి సావో పౌలో నగరమున ఒక నాటక సంఘమును నడపెను. ఆ సంఘము వారొకసారి ఈశాన్య ప్రాంతమునకు పోయి, భూమికై రక్తము ధారవోయుడని రైతులను ప్రబోధించు నాటకమాడిరి. నాటకము ముగియగనే ఒక రైతు ముందుకు వచ్చి, మీ తుపాకులు తీసికొని మాతో రండు, భూమిని ఆక్రమించిన వారితో కలిసి పోరాడుదమని పిలిచెను. ఇవి వేషమునకు చేసిన తుపాకులు, పేలవని నటులు చెప్పిరి. అట్లయిన తుపాకులు మేమే యిత్తుము, మీరు రండని రైతు పలికెను. నటులకు నోట మాట రాలేదు. ధారవోయవలసినదని వారు చెప్పిన రక్తము తమది కాదు, రైతులది యని అప్పుడు తేలిపోయెను.

తాను పూనుకొనని సాహసమును ఎదుటివానికి ఉపదేశింపరాదని బోవాల్ ఆనాడు నేర్చుకొనెను. ఈ పాఠము నటులకే గాదు. వేదికపై నిలిచి ప్రజలకు హితము చెప్పు నాయకులకును, ప్రచారోద్యోగులకును వర్తించును.

బ్రెజిలులో 1964లో సైనిక ప్రభుత్వమేర్పడెను. 1971లో బోవాల్‌ను నిర్బంధించి హింసించిరి. పిమ్మట ఆయన దేశము విడిచిపోవలసి వచ్చెను. 1973లో పెరూ దేశపు అక్షరాస్యతా ఉద్యమమున పనిచేయుచు, చదువు రాని ఒక ఇల్లాలి కథను ప్రదర్శించెను. భర్త ఆమెకు కొన్ని కాగితములిచ్చి భద్రపరచుమనెను. పొరుగింటి స్త్రీ చదివి చెప్పగా అవి మరియొక స్త్రీ అతనికి వ్రాసిన ప్రేమలేఖలని తెలిసెను. ఆ రాత్రి భర్త ఇంటికి వచ్చినపుడు ఆమె ఏమి చేయవలెనని ప్రేక్షకులనడిగిరి. వారు చెప్పిన ఉపాయములను నటులు ఒక్కొక్కటిగా ఆడి చూపిరి. అతనితో స్పష్టముగా మాటాడవలెనని ఒక స్త్రీ చెప్పెను. నటులు ఎన్ని విధముల ఆడినను ఆమెకు తృప్తి కలుగలేదు. తుదకు, నీవే వచ్చి చూపుమని బోవాల్ కోరగా, ఆమె రంగమెక్కి, చీపురు చేతబట్టి, తన దృష్టిలో స్పష్టముగా మాటాడుటయన నేమో చేసి చూపెను! ప్రేక్షకుని మాటను నటుడు పలుకుట కంటె ప్రేక్షకుడే వచ్చి పలుకుట మేలని ఆ దినమున తేలెను. ఈ పద్ధతిని వివరించు 'పీడితుల రంగస్థలము' అను గ్రంథమును బోవాల్ 1974లో ప్రకటించెను.

నాటకము నడచు విధము

దీనికి తెరలు గాని, పెద్ద ఖర్చు గాని అవసరము లేదు. ఊరివారు గుండ్రముగా కూర్చుండిన చాలును. మొదట ఊరిలోని ఒక అన్యాయమును చిన్న నాటకముగా ఆడుదురు. అది పరిష్కారముతో గాక, ఓటమితో ముగియును.

ఒక ఉదాహరణము చూతము. పదవ తరగతి చదువుచున్న పిల్లను బడి మాన్పించి పెండ్లి చేయ నిశ్చయించిరి. తండ్రికి అప్పులున్నవి, మేనమామ సంబంధము తెచ్చెను, తల్లికి ఇష్టము లేకున్నను నోరు మెదపలేదు, పిల్ల మాట ఎవరును అడుగలేదు. పెండ్లి జరిగిపోయెను. నాటకము ఇంతటితో ఆగును.

అప్పుడు సూత్రధారుడు ముందుకు వచ్చి, ఇది మన ఊరిలో జరుగునా యని అడుగును. నాటకమును మరల మొదలుపెట్టుదురు. చూచువారిలో ఎవరైనను ఆపుడని కేక వేసి, తల్లి స్థానమునగాని పిల్ల స్థానమునగాని తాము నిలిచి వేరు విధముగా ప్రయత్నింపవచ్చును. తక్కిన నటులు ఊరకే లొంగిపోరు. నిజమైన తండ్రి చెప్పు మాటలే, అప్పు సంగతి, పరువు సంగతి, చెప్పి ఎదిరింతురు. ఒకరి ఉపాయము విఫలమైన మరియొకరు లేతురు.

ఇందు ముఖ్యమైన నియమమొకటి కలదు. అన్యాయము చేయువాడు ఉన్నట్టుండి మంచివాడైపోయెనని చూపరాదు. అట్టి మాయోపాయము బ్రతుకులో పనికిరాదు గదా. సూత్రధారుడు తీర్పు చెప్పరాదు. ఇది సాధ్యమా యని సభనే అడుగవలెను.

బెంగాలు పల్లెలలో

మన దేశమున ఈ విధానమును చేపట్టిన వారిలో పశ్చిమ బెంగాలుకు చెందిన 'జన సంస్కృతి' ముఖ్యమైనది. దీనిని 1985లో సంజయ్ గంగూలీ ప్రారంభించెను. నేటి దక్షిణ 24 పరగణాల జిల్లాలోని సుందరవన ప్రాంతపు పల్లెలు దీనికి పుట్టినిల్లు. బృందములలోనివారు పెక్కురు పట్టణపు నటులు కారు. వ్యవసాయ కూలీలు, చిన్న రైతులు, గృహిణులు. 1990 తరువాతి సంవత్సరములలో వారు బోవాల్ పద్ధతిని స్వీకరించి, తమ ప్రాంతపు పాటతోను ఆటతోను మేళవించిరి.

వారి 'సోనార్ మెయే', అనగా 'బంగారు పిల్ల' అను నాటకము ఆడపిల్ల పుట్టింటి జీవితమును, పెండ్లిబేరమును, అత్తవారింటి బాధలను చూపును. ఇట్టి నాటకమును ఒక్కసారి ఆడి వెడలిపోవుట వారి పద్ధతి కాదు. అదే ఊరికి మరల మరల పోవుదురు. చూచినవారు ఆలోచింపవలెను, తమలో తాము చర్చింపవలెను, కలిసి పనికి పూనుకొనవలెను. నాటకము ఆ పనికి తొలిమెట్టు మాత్రమే.

విన్న మాటను చర్చించినవారు ఊరకుండరనుటకు మన నెల్లూరు జిల్లాయే సాక్ష్యము. 1991లో ఆ జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమమున కళాజాతాలు ఊరూర తిరిగెను. రాత్రి బడులలో చదువు నేర్చి, సారాయి వలని నష్టమును చర్చించుకొన్న దూబగుంట స్త్రీలు 1992లో తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధమునకు దారితీసెను.

వీధి నుండి శాసనమునకు

బోవాల్ 1986లో స్వదేశమునకు తిరిగివచ్చి, 1992లో రియో నగరసభకు సభ్యుడుగా ఎన్నికయ్యెను. ప్రజాప్రతినిధి యైన పిదప నాటకమును మానలేదు. ఆయన సహచరులు పేదవాడలలోను, వృద్ధుల నడుమను, అంధుల నడుమను బృందములను ఏర్పరచిరి. ప్రేక్షకులు రంగమెక్కి చూపిన ఉపాయములను వ్రాసి ఆయన కార్యాలయమునకు పంపుచుండిరి. న్యాయశాస్త్రము తెలిసినవారు వానిని బిల్లులుగా మార్చుచుండిరి. 1993 నుండి 1996 వరకు నాలుగేండ్లలో ఇట్లు పుట్టిన 13 ప్రతిపాదనలు చట్టములయ్యెను. నగర వైద్యశాలలలో వృద్ధుల వ్యాధులు తెలిసిన వైద్యులుండవలెనను చట్టము వానిలో ఒకటి.

అంధులు లేవదీసిన సంగతి మరియు గమనింపదగినది. వీధి టెలిఫోనులు పైన వెడల్పుగాను, క్రింద సన్నని స్తంభముతోను ఉండెడివి. చేతికర్రకు ఏమియు తగులక పోవుటచే అంధుని తల టెలిఫోనుకు కొట్టుకొనెడిది. వాని క్రింద ఎత్తుగా దిమ్మె కట్టిన చాలునని వారే ఉపాయము చెప్పిరి. కన్నులున్నవారు దినమును నడచు దారిలోనే ఆ బాధ యున్నను, బాధపడువారు చెప్పువరకు ఎవరికిని తెలియలేదు.

తరువాతి ఎన్నికలలో బోవాల్ గెలువలేదు. అయినను ఆయన 2009లో మరణించు నాటికి ఈ విధానము పెక్కు దేశములకు వ్యాపించెను.

పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి

రియోలో ఈ ప్రయోగము మొదలైన 1993వ సంవత్సరముననే, ఏప్రిల్ 24న, మన 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చి గ్రామసభకు రాజ్యాంగ స్థానమును కల్పించెను. సభకు అధికారమున్నది. కాని సభలో మాటాడువారెవరు? పెద్దరైతు మాటాడును, చదివినవాడు మాటాడును. కూలిస్త్రీ వెనుక వరుసలో కూర్చుండి వ్రేలిముద్ర వేసి పోవును. నాటకమున మాత్రము ఆమె మరియొకరి పాత్రలో నిలిచి తన మాట చెప్పగలదు. పంచాయతీకి కలుగు లాభమిదియే. ఇందుకు ఈ క్రింది సంగతులు మనసునందుంచుకొనవలెను.

1. కళాబృందము ఊరికి వచ్చినపుడు, ఏమి చెప్పవలెనో పంచాయతీ ముందుగా నిర్ణయింపరాదు. బాధపడువారి నోట వినిన సంగతియే కథ కావలెను.

2. ప్రదర్శన ఊరివారందరును రాగల చోట, కూలిపని ముగిసిన వేళ జరుగవలెను. ఎవరి వాకిటనో జరిగిన సగము ఊరు రాదు.

3. నాటకమున చెప్పిన మాటకు పిమ్మట ఎవరిని గాని నిందింపరాదు, బెదిరింపరాదు. ఈ రక్షణ పంచాయతీ బాధ్యత.

4. సభ సాధ్యమని ఒప్పుకొన్న ఉపాయములను వ్రాసికొని, రాబోవు గ్రామసభ చర్చకు తేవలెను. తీర్మానమైన దానిని అమలుచేయవలెను.

5. ఊరి యువజనులు తామే సంఘముగా ఏర్పడదలచినచో, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము క్రింద నమోదు చేసికొనవచ్చును. ఇందుకు కనీసము ఏడుగురు సభ్యులుండవలెను. ట్రస్టుగా నేర్పడినచో ఉద్దేశములను, ధర్మకర్తల బాధ్యతలను దస్తావేజులో స్పష్టముగా వ్రాసికొనవలెను. వేతనము లేని సేవయైనను లెక్కలు లేని సేవ కారాదు. జమాఖర్చులు ఊరివారికి చదివి వినిపింపవలెను.

గొడవలు లేకుండుటయే శాంతి యని కొందరు తలంతురు. నోరు లేనివారు ఊరకుండుట వలన కలిగిన నిశ్శబ్దము శాంతి కాదు. తన కష్టమును పదిమందిలో నిర్భయముగా చెప్పుకొనగలిగి, విన్నవారు దానికి తగిన ఏర్పాటు చేసిననాడు ఊరిలో శాంతి నిలుచును. చెప్పించుట కళాసేవకుల పని. విని, వ్రాసికొని, చేసిపెట్టుట పంచాయతీ పని.